కుడిపక్క మనిషి నిద్రపోతే

నేను విదేశంలో ఉన్నది మొత్తం మీద ఒకటిన్నర రోజు. పాస్‌పోర్టు చేతికి రావడానికి మాత్రం ఎనిమిది నెలలు తిరిగాను. మేడారం జాతరకు పోయినవాళ్ళు కూడా నాకంటే ఎక్కువ రోజులు ఉండి, నాకంటే మంచి బట్టల్లో తిరిగొస్తారు. నేను వచ్చినప్పుడు నా చొక్కా మీద ముగ్గురి నెత్తురు ఉంది. అందులో నాదే ఎక్కువ.

అయినా మా వాడకట్టులో ఎవరు విమానం ఎక్కబోయినా ముందు నా దగ్గరికే వస్తారు. అంతసేపు కూర్చొని నిద్ర ఎట్లా పట్టాలి, దిగినాక పగలూ రాత్రీ తారుమారైతే ఒళ్ళు ఎట్లా సర్దుకోవాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. ఎక్కే ముందు రెండు రాత్రులు ఇంట్లో కంటినిండా పడుకో. మెడ కింద తువ్వాల చుట్టి పెట్టుకో. బూట్లు విప్పు. ఊరికే పోస్తున్నారు కదా అని మందు తాగకు, తిండి సగం కడుపుకే ఆపు. దిగిన ఊళ్ళో పొద్దు ఉన్నంతసేపు బయట తిరుగు, పొద్దు గూకినాకనే పక్క ఎక్కు. ఇవన్నీ పెద్ద డాక్టర్లు కూడా చెబుతారట. వాళ్ళకు తెలియనిది నేను ఒకటి చెబుతాను. నీ కుడిపక్కన ఎవరు కూర్చుంటున్నారో చూసుకో.

ఈ చివరి మాట చెప్పి నవ్వుతాను. నవ్వినప్పుడు పైపన్ను లేని సందు కనబడుతుంది. అప్పుడు వాళ్ళు అసలు అడగాలనుకున్నది అడుగుతారు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, లారీ డ్రైవరు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. భూమి తనచుట్టు తాను తిరుగుతుందని, అందుకే ఒకచోట పగలైతే ఇంకోచోట రాత్రని చెప్పే పాఠం పై వారం ఉందనగా మానేశాను. ఆ పాఠం విలువ నాకు తర్వాత పన్నుతో సహా తెలిసింది. చాయ్ దుకాణంలో, రైస్ మిల్లులో, అక్కడా ఇక్కడా పనిచేసి, ఇరవై ఏళ్ళు దాటినాక బావ బండి మీద క్లీనరుగా ఎక్కాను. బావ కుడిపక్క స్టీరింగ్ మీద, నేను ఎడమపక్క తలుపు దగ్గర. పదేళ్ళు మా ఇద్దరి మధ్య దూరం మూరెడు.

లారీవాళ్ళకు రాత్రంటే భయం లేదు. రాత్రి ఒళ్ళు దగ్గర పెట్టుకొనే నడుపుతారు. చంపేది మధ్యాహ్నం రెండు గంటల ఎండ, అదీ అన్నం తిన్నాక. డెబ్బైల చివర ఒక మిర్చి సీజన్లో ఖమ్మం దిక్కునుంచి బస్తాలు వేసుకొని వస్తూ వర్ధన్నపేటలో ఆగాం. మాంసం కూర బాగుందని నేను మూడోసారి వడ్డించుకున్నాను, బావకూ వేయించాను. ఊరు దాటి నాలుగు మైళ్ళు రాలేదు. నేను నిద్రపోయాను. నేను నిద్రపోయిన సంగతి బావకు తెలియదు, ఎందుకంటే ఆయన నాకంటే ముందే నిద్రపోయాడు.

చప్పుడుకు లేచాను. ముందరద్దం నా ఒళ్ళో ఉంది. బండి రోడ్డు దిగి ఒక ఎడ్లబండిని గుద్ది, దాన్ని తోసుకుంటూ పోయి ఆగింది. ఒక ఎద్దు అక్కడికక్కడే చచ్చింది. రెండోది ముందరి కాళ్ళు రెండూ విరిగి, మోకాళ్ళ మీద లేవబోయి పడిపోతోంది, మళ్ళీ లేవబోతోంది. దాని నోట్లోంచి నురగ, నెత్తురు కలిసి కారుతున్నాయి. పగిలిన బస్తాల్లోంచి మిరపకాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. ఏది నెత్తురో ఏది మిర్చో తెలియలేదు. బండితోలే ముసలాయన ఎగిరి పొలంలో పడ్డాడు. ఆయనకు ఏమీ కాలేదు. లేచి వచ్చి, ఎద్దు తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

పొలాల్లోంచి మనుషులు వచ్చారు. మొదటి దెబ్బ ఎవరిదో చూడలేదు. గొడ్డలి కామలు, ముల్లుకర్రలు, చేతికి ఏది దొరికితే అది. నన్ను తలుపులోంచి కాలు పట్టి గుంజితే నెత్తి మెట్టుకు కొట్టుకుంది. బావను స్టీరింగ్ మీదినుంచి జుట్టు పట్టి లాగారు. నా భుజం ఎముక విరిగినప్పుడు ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వినబడింది. నాది అనుకోలేదు, వాళ్ళ కర్ర విరిగిందనుకొని సంతోషపడ్డాను. బావ పక్కటెముకలు మూడు విరిగాయి. ఆయన ఒక్కసారి కూడా చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను మాత్రం అందరినీ పేరుపేరునా అన్నా, బాపూ అని పిలిచాను. ఎవరూ పలకలేదు.

వాళ్ళు అలసిపోయినాక ముసలాయన వచ్చాడు. ఎద్దు ప్రాణం పోయినట్టుంది. బావ ముందర గొంతుక్కూర్చున్నాడు.

"నిద్రపోయినవా బిడ్డా?" అన్నాడు.

బావ తల ఊపాడు. ముసలాయన లేచి, కుడిచేత్తో బావ చెంప మీద ఒక్కటి కొట్టాడు. అంతమంది కొట్టిన దెబ్బల్లో బావ తర్వాత జీవితమంతా మాట్లాడింది ఆ ఒక్కదాని గురించే.

వరంగల్ పెద్ద దవాఖానలో పక్కపక్క మంచాల మీద పడ్డాం. రెండో రోజు బావ అన్నాడు.

"ఇప్పటి సంది నా రెప్ప వాలితే కొట్టు."

"ఎట్ల కొట్టాలె బావా?"

"గా ముసలాయన కొట్టినట్టు కొట్టు. ఆ దెబ్బ జర ముందుగాల పడితే ఎడ్లు బతుకుతుండె."

"నువ్వు మళ్ల నన్ను కొడితే?"

"కొట్ట. ఒక్క మాట అడగకు, మెల్లగ లేపకు, బావా గీవా అని పిలవకు. కొట్టుడే."

అట్లా మొదలైంది. మొదట తొడ మీద పిడికిలి. దానికి లేవకపోతే మెడ మీద అరచేయి. దానికీ లేవకపోతే చెవి కింద. ఏడాది తిరిగేసరికి నేను చూసి కొట్టడం మానేశాను, చూసే అవసరం లేకపోయింది. కుడిపక్క మనిషి ఊపిరి కొంచెం బరువెక్కితే చాలు, నా చెయ్యి లేచేది. నేను రోడ్డు చూస్తూ, బీడీ కాలుస్తూ, ఏదో జోకు చెబుతూ ఉండగానే దాని పని అది చేసుకొచ్చేది. బావ ఉలిక్కిపడి, స్టీరింగ్ గట్టిగా పట్టుకొని, "శభాష్" అనేవాడు. దెబ్బకు శభాష్ అన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఒకరోజు అక్క నన్ను ఇంటి ముందర నిలబెట్టింది. చేతిలో చీపురు ఉంది.

"మీ బావ తొడ మీద అవేం మచ్చలురా? నల్లగ, నీలంగ. ఎవతెతోని తిరుగుతాండు?"

"నాతోనే తిరుగుతాండక్కా. అవి నేను చేసినయే."

అక్క చీపురు తిరగేసి నా వీపు మీద మూడు వాయించింది. "నా మొగున్ని కొట్టనీకి నీకు పెత్తనమెవలిచ్చిండ్రురా?"

"నీ మొగుడే ఇచ్చిండు."

ఆమె నమ్మలేదు. లోపలికి పోయి ఆయన్ను అడిగింది. తర్వాత ప్రతి ట్రిప్పుకు ముందు పసుపు, నూనె కలిపి సీసాలో పోసి ఇచ్చేది. ఆయన దెబ్బలకు మందు ఇస్తూ నన్ను మాత్రం కళ్ళతో కొట్టేది.

ఎనభైల్లో ఓనరు లారీ అమ్మేశాడు. నేను ఆ లోపలే స్టీరింగ్ నేర్చుకొని లైసెన్సు తీసుకున్నాను. నాకైతే ఇంకో బండి దొరికేది. బావకు నలభై దాటాయి, వెనక ఒక యాక్సిడెంటు ఉంది. వరంగల్, హనుమకొండల్లో ఏ ఓనరూ ఆయన్ను కొత్తగా పెట్టుకోలేదు. మిగిలింది ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే పని. మూడు ఎముకలు అతుక్కున్న రొమ్ముతో ఆయన పది నెలలు మోశాడు. రాత్రి పడుకుంటే కుక్క మూలిగినట్టు మూలిగేవాడని అక్క చెప్పింది. ఆ సమయంలో లిబియాలో రోడ్లు వేస్తున్న ఒక కంపెనీకి టిప్పర్ డ్రైవర్లు కావాలని తెలిసింది. ఇద్దరం పేరు రాయించుకున్నాం. బావకు అదే చివరి స్టీరింగ్. ఆయన ఆ సంగతి నోటితో అనలేదు, కానీ బొంబాయి రైలెక్కినప్పటి నుంచి చేతులు ఒళ్ళో పెట్టుకొని గేర్లు మారుస్తూనే ఉన్నాడు.

బొంబాయిలో ఏజెంటు మాకు వచ్చిన దక్కనీ ఉర్దూలో, అర్థమయ్యేటట్టు నిదానంగా చెప్పాడు. దిగిన రోజే స్టీరింగ్ ఇస్తారు. పరీక్ష పెట్టే సారు మొదట చూసేది కళ్ళు. కళ్ళు ఎర్రగా ఉండి, బండి కొంచెం అటూ ఇటూ అయితే అదే విమానంలో వెనక్కి పంపిస్తారు. కాబట్టి విమానంలో పడుకోండి, పరీక్ష అయ్యేదాకా తిండి సగం కడుపుకే ఆపండి. ఎక్కగానే గడియారాలు మూడున్నర గంటలు వెనక్కి తిప్పుకోండి, ఒళ్ళు కూడా ఆ లెక్కకు వస్తుంది.

"గడియారం తిప్పితే నిద్ర తిరుగుతదా?" అన్నాడు బావ. పెళ్ళిలో పెట్టిన గడియారం ఆయనది. తిప్పలేదు.

బొంబాయిలో మమ్మల్ని ఉంచిన గదిలో పద్నాలుగు మంది. ఒకేసారి పడుకోవడానికి జాగా లేక వంతులు వేసుకున్నాం. నల్లుల వల్ల ఆ వంతుల్లో కూడా నిద్ర లేదు. మూడు రోజులు అట్లా గడిపి నాలుగో రోజు పొద్దున విమానం ఎక్కాం. బావ కళ్ళు అప్పటికే మూసుకుపోతున్నాయి. మంచిదే, పది గంటలు పడుకుంటాడు, దిగి స్టీరింగ్ పడతాడు అనుకున్నాను.

మూడు సీట్ల వరుస. కిటికీ నాకు కావాలన్నాను. "తీస్కో, నువ్వు చిన్నపిలగానివి" అని బావ మధ్య సీట్లో కూర్చున్నాడు. అవతల, నడిచే దారి పక్కన, ఒక వెల్డింగు పనివాడు. ఉత్తరాది మనిషి. ఆయన చెయ్యి నా తొడంత ఉంది. కిటికీ ఎడమపక్క అని, కాబట్టి బావ నా కుడిపక్కన ఉన్నాడని నాకు తట్టలేదు. ఇంజను మోత మా లారీ మోతే. కాళ్ళ కింద సన్నటి వణుకు, ముందర మోకాళ్ళకు తగిలే సీటు. నా ఒళ్ళు తనెక్కడుందో అదే నిర్ణయించుకుంది.

విమానం పైకి లేచి సమంగా సాగగానే బావ ఊపిరి బరువెక్కింది. నా పిడికిలి ఆయన తొడ మీద దిగింది.

బావ ఎగిరిపడి రెండు చేతులూ ముందుకు చాపి, లేని స్టీరింగ్ పట్టుకున్నాడు. కుడికాలు బ్రేకు తొక్కింది. ముందరి సీటు ఊగి, అందులోని ఆయన తాగుతున్న నీళ్ళు మీద పోసుకున్నాడు. ఆ చుట్టుపక్కల అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"కింద రోడ్డు లేదురా," అన్నాడు బావ. "కొట్టకు."

"నేను కొట్టలే. చెయ్యి కొట్టింది."

"దాని మీద కూసో."

అరచేతి మీద కూర్చున్నాను. అరగంట బాగానే ఉంది. తర్వాత నాకూ నిద్ర పట్టింది. నిద్రలో చెయ్యి ఎప్పుడు బయటికి వచ్చిందో తెలియదు. ఈసారి చెవి కింద పడింది. బావ లేస్తూనే మోచేతితో నా డొక్కలో పొడిచాడు. పదేళ్ళలో ఆయన నన్ను తిరిగి కొట్టడం అదే మొదలు. నాకు ఊపిరి ఆడలేదు. ఆయన కళ్ళలోకి చూస్తే అది నిద్రలో కొట్టిన దెబ్బ కాదు.

"నన్ను పండనియ్యిరా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "కాళ్ళు మొక్కుతా, పండనియ్యి."

అప్పుడు నా తెలివి పనిచేసింది. పనిచేయకపోతే బాగుండేది. "బావా, నువ్వు కిటికీ దిక్కు రా. నా ఎడమపక్కన ఉంటే చెయ్యి లేవదు," అన్నాను. మారాం. నిజంగానే బావ కిటికీకి తల ఆనించి పడుకుంటే నా చెయ్యి కదల్లేదు. గంటసేపు ఆయన కదలకుండా నిద్రపోయాడు. నేను దేశాన్ని కాపాడినట్టు కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాను. నా కుడిపక్కన ఇప్పుడు ఎవరున్నారో చూసుకోలేదు.

వెల్డింగాయన గురక మొదలుపెట్టగానే నా అరచేయి ఆయన మెడ మీద పడింది. చప్పట్లు కొట్టినట్టు వినబడింది.

ఆయన లేవలేదు, లేచి నిలబడ్డాడు. రెండూ వేరు. నన్ను కాలరు పట్టి సీట్లోంచి పైకి తీశాడు. మాఫ్ చేయండి భాయ్ అని సగం అన్నాను, మిగతా సగంలో ఆయన పిడికిలి నా నోట్లోకి వచ్చింది. పన్ను విరిగి నాలుక మీద పడింది. రెండో దెబ్బ కంటి కింద. నా నెత్తురు ఆయన చొక్కా మీద, పక్క వరుసలో ఒకాయన అన్నం పళ్ళెంలో చిందింది. మూడోది పడే ముందు బావ లేచాడు.

బావకు ఏమి జరిగిందో తెలియదు. తెలిసిందల్లా బామ్మర్దిని ఎవరో చంపుతున్నారు. నా మీదినుంచి దూకి వెల్డింగాయన మీద పడ్డాడు. ఇద్దరూ నడిచే దారిలో దొర్లారు. బావ ఆయన చెవి కొరికాడు, ఆయన బావ అతుక్కున్న పక్కటెముకల మీద మోకాలితో కుమ్మాడు. బావ అరిచిన అరుపుకు చివరి వరుసలో పసిపిల్ల ఏడ్చింది. ఆపబోయిన ఇద్దరికి తలా ఒకటి తగిలింది, వాళ్ళు ఊరుకోలేదు. కాసేపు ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో తెలియకుండా ఏడెనిమిది మంది కొట్టుకున్నారు. మధ్యలో ఒకడు నన్ను తన్ని, "నువ్వెవరు?" అని అడిగాడు.

విమానం సిబ్బంది నలుగురు వచ్చి విడదీశారు. దిగగానే పోలీసులకు పట్టిస్తామన్నారు, తర్వాత కంపెనీకి రాసిస్తామన్నారు. కొట్టుకున్నవాళ్ళను కలిపి ఉంచకూడదని విడివిడిగా కూర్చోబెట్టారు. వెల్డింగాయన తన సీట్లోనే చెవికి గుడ్డ కట్టుకొని పడుకున్నాడు. బావను ముందుకు తీసుకుపోయి, సిబ్బంది కూర్చునే మడతసీటులో నిటారుగా కూర్చోబెట్టి, పక్కన ఒకరిని కాపలా పెట్టారు. నన్ను చివరి వరుసలో పడేశారు. నా కుడిపక్క సీటు ఖాళీ.

మిగిలిన అయిదు గంటలు నేను నిద్రపోయాను. ఇది చెప్పడానికే నాకు ఎప్పుడూ నోరు రాదు. విరిగిన పన్నుతో, కంటి కింద వాపుతో, చచ్చినట్టు నిద్రపోయాను. బావ ఆ అయిదు గంటలూ డొక్క పట్టుకొని, తల ఆనించే చోటు లేని సీట్లో, కాపలా మనిషి ముఖం చూస్తూ కూర్చున్నాడు.

దిగేసరికి ఎండ నడినెత్తి నుంచి కొంచెమే జరిగింది. బావ గడియారం సాయంత్రం ఆరున్నర చూపిస్తోంది. ఆయన గడియారాన్ని, సూర్యుణ్ణి మార్చి మార్చి చూశాడు.

"ఈ పొద్దు ఎందుకు గూకుతలేదురా?" అన్నాడు. ఆ పాఠం నాకు వచ్చి ఉంటే చెప్పేవాణ్ణి.

ఆయన కళ్ళు మిరపపండ్లలా ఉన్నాయి. కంపెనీ బస్సులో ఆయన పక్కన కూర్చోబోతే చేత్తో తోశాడు.

"అక్క మీద ఒట్టు పెట్టు."

"ఏమని?"

"ఇగ నా మీద చెయ్యి వెయ్యనని. నిద్రల గాని, మెలకువల గాని. వేస్తే నువ్వు నాకు బామ్మర్దివి కాదు."

పెట్టాను. ఆ ఒట్టు పెట్టేటప్పుడు జోకు వేయాలని కూడా అనిపించలేదు.

క్యాంపులో మాకు అన్నం, మాంసం పెట్టారు. సగం కడుపుకు ఆపమని ఏజెంటు చెప్పింది ఇద్దరికీ గుర్తులేదు. తర్వాత పరీక్ష. రాళ్ళు నింపిన టిప్పర్. దాన్ని ఖాళీ రోడ్డు మీద రెండు మైళ్ళు తోలి, తిప్పుకొని వచ్చి, రోడ్డు చివర వరుసగా నిలబెట్టిన ఇనుప డ్రమ్ముల పక్కన గీత మీద ఆపాలి. పరీక్ష పెట్టే సారు మన దేశం మనిషే. ఆఖరి డ్రమ్ము దగ్గర కాగితాలు పట్టుకొని నిలబడ్డాడు. నా వంతు తర్వాత కాబట్టి నన్నూ బావతో ఎక్కమన్నారు. అక్కడి బండ్లకు స్టీరింగ్ ఎడమపక్క ఉంటుంది. బావ ఎడమకు ఎక్కాడు, నేను కుడితలుపు దగ్గర కూర్చున్నాను.

పోయేటప్పుడు బావ బంగారంలా తోలాడు. గేరు మారిస్తే వెన్నలో కత్తి. తిరుగు దారిలో రోడ్డు తిన్నగా, చెట్టు లేకుండా, మేక కూడా అడ్డం రాకుండా పరుచుకొని ఉంది. ముఖం మీద ఎండ, కడుపులో అన్నం. ఆయన గడియారంలో మన రాత్రి తొమ్మిది దాటింది. మొదటి డ్రమ్ము కనబడేసరికి నాకు ఏదో తేడాగా అనిపించి తిరిగి చూశాను. బావ రెప్పలు వాలి ఉన్నాయి. చేతులు స్టీరింగ్ మీద బుద్ధిగా ఉన్నాయి, కాలు మెల్లగా యాక్సిలేటర్ మీద బరువవుతోంది.

నా చెయ్యి లేవలేదు. ఎడమపక్క మనిషి దానికి తెలియదు. నేనే లేపాలి, లేపితే అక్క మీద ఒట్టు ఉంది. "బావా" అన్నాను. మొదటి డ్రమ్ము బంపరుకు తగిలి ఎగిరింది. "బావా" అని అరిచాను. రెండోది చక్రం కింద నలిగింది. ఆ చప్పుడుకు కూడా ఆయన లేవలేదు. ఆఖరి డ్రమ్ము దగ్గర సారు తలవంచుకొని ఏదో రాసుకుంటున్నాడు.

ఎడమచేత్తో కొట్టాను. కొట్టడం దానికి రాదు, ఎక్కడ పడాలో తెలియక ముక్కు మీద పడింది. లోపల ఏదో పటుక్కుమంది. నెత్తురు అద్దం మీదికి చిమ్మింది. బావ కళ్ళు తెరిచే ముందే ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది. రాళ్ళన్నీ ముందుకు దొర్లి మా వీపు వెనక రేకును గుద్దాయి. బండి ఆగింది. సారుకు, బంపరుకు మధ్య నా చొక్కా ఆరేసేంత జాగా కూడా లేదు.

ఆయన తలెత్తినప్పుడు చూసింది బావ నిద్ర కాదు, నా చెయ్యి. తలుపు తెరిచి నన్ను కిందికి గుంజాడు. విమానంలో జరిగింది ఆయనకు ముందే చేరింది. నా గుండెల మీద కాగితాల అట్టతో కొడుతూ అడిగాడు.

"బండి నడిపేవాణ్ణి కొడతావా? మనుషుల్ని చంపుతావా?"

బావ ముక్కు పట్టుకొని దిగాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. నేను నిద్రపోయాను సారూ అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆయన అబద్ధం చెప్పలేడు, పొలం పక్కన ముసలాయనకు కూడా చెప్పలేదు. నేను మడమతో ఆయన పాదం మీద బలంగా తొక్కాను. నోరు మూసుకుపోయింది.

"నేనే కొట్టిన సారూ," అన్నాను. "మా అక్కను సరిగ చూసుకుంటలేడని పాత పగ. విమానంల సగం తీర్చుకున్న, ఇక్కడ సగం."

సారు నన్ను అప్పుడే స్టోరు గదిలో వేసి తాళం పెట్టించాడు. బావ ముక్కుకు గుడ్డ కట్టించి, పొద్దున మళ్ళీ పరీక్ష పెడతానన్నాడు. ఆ రాత్రి నేను రెండు గంటలకే లేచి కూర్చున్నాను. వరంగల్‌లో చాయ్ తాగే వేళ అది. తెల్లవారినాక స్టోరు కిటికీలోంచి చూశాను. టిప్పర్ డ్రమ్ముల పక్కగా వచ్చి గీత మీద ఆగింది. దిగిన మనిషి ముఖం వాచి, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. సారు ఆయనకు కాగితం ఇచ్చాడు. నాకూ ఒక కాగితం ఇచ్చారు, తిరుగు విమానానిది. బస్సు ఎక్కేటప్పుడు బావ దూరం నుంచి చూశాడు. దగ్గరికి రాలేదు. ఒట్టు తప్పినవాణ్ణి కదా.

తిరుగు విమానంలో కుడిపక్కన ఎవరూ లేని సీటు అడిగి తీసుకున్నాను. వరంగల్ చేరి నేరుగా ఎనుమాముల మార్కెట్‌కు పోయాను. అక్క అక్కడ మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళలో కూర్చొని ఉంది. నన్ను చూసి నవ్వబోయి, నా ముఖం చూసి ఆపింది, నా వెనక చూసింది.

"మీ బావేడి?"

అంతా చెప్పాను. కిటికీ సీటు, వెల్డింగాయన, ఒట్టు, డ్రమ్ములు, ముక్కు. ఘాటుకు దగ్గుతూ పక్క ఆడవాళ్ళు కూడా విన్నారు. ఆమె ఏడుస్తుందేమోనని చివర్లో కొంచెం హుషారుగా అన్నాను.

"ఫికర్ చెయ్యకక్కా. నీ మొగునికి నౌకరి దొరికింది. ఒక్క దెబ్బతోని ఇప్పించిన."

అక్క ఒళ్ళో మిరపకాయలు దులుపుకొని లేచింది. నా వాచిన దవడ మీద చెయ్యి పెట్టింది, కొట్టడానికో నిమరడానికో తెలియనట్టు అక్కడే ఉంచింది.

"నువ్వయితే వచ్చినవ్," అంది. "మరి రేపు పగటీలి బువ్వ తిన్నంక ఆయనకు రెప్ప వాలితే ఎవలు కొడ్తరురా?"